చద్దిమూటకూ విమానయోగం ఉంది! మీకు తెలుసా?

టొరంటో పక్కనున్న మార్కమ్‌లో ఇంటి తలుపు తాళం వేసింది మొదలు హైదరాబాద్‌లో చుట్టాల గుమ్మం తొక్కేదాకా ఒక రోజుకు పైనే పడుతుంది. టొరంటో పియర్సన్ విమానాశ్రయం నుంచి హైదరాబాద్‌కు నేరుగా విమానం లేదు. ఢిల్లీకి నేరుగా వెళ్లినా ఇంచుమించు పద్నాలుగు గంటలు గాల్లోనే గడపాలి. దుబాయ్, దోహా, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ దారుల్లో పోతే మధ్యలో పడిగాపులు అదనం.

అన్నీ తినేవాళ్లకు ఇదో లెక్క కాదు. ఉల్లి, వెల్లుల్లి ముట్టని అమ్మమ్మకు, షుగర్ ఉన్న నాన్నగారికి, గోధుమ పడని కోడలికి, పల్లీ తగిలితే పెదవులు వాచే పిల్లాడికి మాత్రం ట్రాలీ నిండా పళ్లేలున్నా అది భోజనం లేని విమానమే. 2022 జులై నుంచి సూపర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు ఒక్క రాకలో ఐదేళ్ల దాకా కెనడాలో ఉండే వీలు వచ్చింది కాబట్టి, ఈ దారిలో పెద్దవాళ్ల ప్రయాణాలూ మామూలైపోయాయి. పెద్దల మాట చద్దిమూట అన్నారు. ఈ ప్రయాణంలో చద్దిమూటే పెద్దదిక్కు. కాకపోతే దాన్ని కట్టేముందు కొన్ని సంగతులు తెలిసుండాలి.

1. ఆకాశంలో తొలి భోజనం చల్లటి డబ్బా, అదీ కొనుక్కున్నదే

1919 అక్టోబరు 11న హ్యాండ్లీ పేజ్ సంస్థ లండన్–పారిస్ విమానంలో మధ్యాహ్న భోజనం డబ్బాలు అమ్మింది. ఒక్కోటి మూడు షిల్లింగులు. విమానంలో వడ్డించిన మొదటి భోజనంగా చరిత్రలో దాన్నే చెబుతారు. వేడి చేసే వంటగదులు ఆ తర్వాతి మాట. ఇవాళ టొరంటో–వాంకూవర్ లాంటి ఐదు గంటల దేశీయ ప్రయాణాల్లో ఎకానమీ ప్రయాణికులు కార్డు గీకి శాండ్‌విచ్ కొనుక్కోవాల్సి వస్తోందంటే, కథ మొదలైన చోటికే వచ్చినట్టు. అలా అమ్మే వాటిలో మన పథ్యానికి సరిపోయేది ఉంటుందన్న భరోసా మాత్రం లేదు.

2. దారిలో ఏం దొరుకుతుందో రాసిపెట్టిన తెలుగు యాత్రికుడు

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. ఏ మజిలీలో అంగళ్లున్నాయి, ఏ సరుకు దొరుకుతుంది, నీళ్లు ఎలాంటివి అన్నది ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. ఆ రాతలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. ఆచారం పాటిస్తూ పదిహేను నెలలు తిరగాలంటే ‘ఏం పెడతారో’ అని చూస్తే కుదరదు, ‘ఎక్కడ ఏం దొరుకుతుందో’ తెలియాలి. రెండు విమానాల మధ్య ఆరు గంటలు ఆగాల్సిన వాళ్లకూ ఇదే సూత్రం. మధ్యలో దిగే విమానాశ్రయంలో ఏ టెర్మినల్‌లో ఏం అమ్ముతారో ఇంట్లో ఉండగానే చూసుకోవాలి.

3. ‘హిందూ భోజనం’ అడిగితే కోడికూర రావచ్చు

విమానయాన సంస్థలు ప్రత్యేక భోజనాలకు నాలుగక్షరాల కోడ్లు వాడతాయి. హెచ్‌ఎన్‌ఎంఎల్ అంటే హిందూ భోజనం. అందులో గొడ్డుమాంసం, పందిమాంసం ఉండవు కానీ కోడి, చేప, వేటమాంసం, గుడ్డు ఉండొచ్చు. మన మసాలాలతో శాకాహారం కావాలంటే ఎంచుకోవాల్సింది ఏవీఎంఎల్, అంటే ఆసియా శాకాహారం. 2018 జులైలో ఎమిరేట్స్ ‘హిందూ భోజనం’ అనే ఎంపికను తీసేస్తున్నట్టు చెప్పి, అభ్యంతరాలు రావడంతో వెంటనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది.

తికమక అక్కడితో ఆగదు. వీజీఎంఎల్ అంటే వీగన్ భోజనం. పాలు, పెరుగు, నెయ్యి ఏవీ ఉండవు. చివర్లో నాలుగు ముద్దల పెరుగన్నం తినందే భోంచేసినట్టు అనిపించని పెద్దాయనకు అది ఆకూ అలమూ కింద లెక్క. వీఎల్‌ఎంఎల్‌లో పాలతో పాటు గుడ్లూ ఉండొచ్చు. ఉల్లి, వెల్లుల్లి ముట్టనివాళ్లకు, కార్తీకమాసంలో మానేసేవాళ్లకు దగ్గరగా వచ్చేది వీజేఎంఎల్, అంటే జైన భోజనం. కాకపోతే అందులో బంగాళాదుంపలాంటి దుంపలూ ఉండవు.

ఏ కోడ్ అయినా సాధారణంగా కనీసం 24 గంటల ముందు చెప్పాలి. ఒక విమానం తప్పి మరో సంస్థ విమానం ఎక్కిస్తే, కోరిన భోజనం కూడా మనతో పాటు అందులోకి మారుతుందన్న నమ్మకం లేదు. చేతిసంచీలో ఒక పూట తిండి పెట్టుకోమనడానికి ఈ ఒక్క కారణం చాలు.

4. గాల్లో ఉప్పు తగ్గుతుంది, పులుపు తగ్గదు

విమానం భోజనం చప్పగా ఉండడంలో వంటవాడి తప్పు కొంతే. లుఫ్తాన్సా కోసం జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ నేలమీదే విమానం క్యాబిన్ వాతావరణం కల్పించి పరీక్షలు చేసింది. 2010లో బయటికొచ్చిన ఫలితాల ప్రకారం ఆ తక్కువ పీడనంలో ఉప్పదనం 20 నుంచి 30 శాతం, తీపి 15 నుంచి 20 శాతం తక్కువగా తెలుస్తాయి. పులుపు, చేదు, కారం మాత్రం దాదాపు చెక్కుచెదరవు. క్యాబిన్ గాలిలో తేమ తక్కువ కావడంతో ముక్కు ఎండి వాసన సరిగ్గా తెలియకపోవడమూ ఒక కారణం.

ఈ లెక్కన చింతపండు, పచ్చిమిర్చి, ఇంగువ దట్టించిన పులిహోర ఆకాశానికి అతికినట్టు సరిపోతుంది. ప్రయాణమంటే పులిహోర కలపడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. పాడవదని కట్టుకెళ్లేవాళ్లు, రుచి కూడా నిలుస్తుందని ఇప్పుడు తేలింది.

బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఇక్కడే జాగ్రత్త పడాలి. చప్పగా ఉందని పైన ఉప్పు పొట్లం చింపి చల్లుకుంటే మోసపోయేది నాలుకే, ఒళ్లు కాదు. ఆ ఉప్పు లెక్కకు ఎక్కి తీరుతుంది. నిమ్మకాయ బద్ద పిండుకోవడం మేలు.

5. అన్నం ఆరబెట్టడం వెనక ఒక సూక్ష్మజీవి కథ ఉంది

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. ఉడికించినా అవి చావవు. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే మొలకెత్తి, వాంతులు చేయించే విషాన్ని తయారు చేస్తాయి. తర్వాత ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. వండిన పదార్థాన్ని 4 నుంచి 60 డిగ్రీల మధ్య రెండు గంటలకు మించి ఉంచొద్దని కెనడా ఆరోగ్యశాఖ చెప్పేది ఇలాంటి జీవులను దృష్టిలో పెట్టుకునే.

పులిహోరకు అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆరబెడతాం కదా, ఆ పని అన్నాన్ని త్వరగా చల్లారుస్తుంది, ఆవిరినీ పోనిస్తుంది. చింతపండు పులుపు బ్యాక్టీరియాకు ఎదురు నిలుస్తుంది. నష్టమంతా వేడివేడిగా డబ్బాలో కుక్కి మూత బిగించడంలో ఉంది. పూర్తిగా చల్లారాకే కట్టుకోవాలి. పులిహోర అయినా మొదటి విమానంలోనే తినేయాలి. రెండో విమానానికి పొడి సరుకు ఉంచుకోవాలి: సున్నుండలు, చెక్కలు, జంతికలు, వేయించిన శనగలు.

6. తనిఖీ దగ్గర ఆవకాయ ‘ద్రవం’, కందిపొడి ‘ఆహారం’

2006 ఆగస్టులో లండన్ నుంచి అట్లాంటిక్ దాటే విమానాలను ద్రవ పేలుడు పదార్థాలతో పేల్చే కుట్ర బయటపడ్డాక 100 మిల్లీలీటర్ల నిబంధన పుట్టింది. కెనడాలో తనిఖీలు చేసే కాట్సా సంస్థ లెక్కలో పెరుగు, నెయ్యి, పచ్చళ్లు ద్రవాలు లేదా జెల్‌ల కిందికే వస్తాయి. 100 మిల్లీలీటర్లకు మించని చిన్న సీసాలుగా, అన్నీ కలిపి ఒక లీటరు పారదర్శక సంచీలో పడితేనే చేతిసంచీలో రానిస్తారు. తడితడిగా ఉన్న పెరుగన్నాన్ని ఏ కోవలో వేయాలన్నది ఎదుట నిలబడ్డ అధికారి ఇష్టం.

పొడులకు 350 మిల్లీలీటర్ల హద్దు ఉన్న మాట నిజమే కానీ, కెనడాలో అది ఉప్పు, ఇసుక వంటి అకర్బన పొడులకు. కందిపొడి, కరివేపాకు పొడి వంటి తినే పొడులకు అది వర్తించదు. రెండేళ్లలోపు పిల్లల పాలు, ఆహారానికీ, మందులకూ 100 మిల్లీలీటర్ల నియమం నుంచి మినహాయింపు ఉంది. ఖాళీ నీళ్ల సీసా పట్టుకెళ్లి తనిఖీ దాటాక నింపుకోవచ్చు.

7. ఎండుకొబ్బరి చిప్ప ప్రమాదకర సరుకు

ప్రమాదకర వస్తువుల అంతర్జాతీయ జాబితాలో ఎండుకొబ్బరికి ఒక నంబరే ఉంది: యూఎన్ 1363. తనంతట తాను వేడెక్కి అంటుకోగల పదార్థాల తరగతిలో దాన్ని చేర్చారు. నూనె బాగా ఎక్కువగా ఉండడం, గాలి తగిలి లోలోపల వేడి పుట్టడం అందుకు కారణం. శుభకార్యం అయ్యాక అత్తగారు ఒడిలో పెట్టిన ఎండుకొబ్బరి గిన్నెలు విమానాశ్రయంలో ఆగిపోయేది ఇందుకే. భారత్‌లో మామూలుగా కొబ్బరికాయనూ చేతిసంచీలో రానివ్వరు. 2024లో శబరిమల భక్తుల ఇరుముడిలోని కాయకు 2025 జనవరి 20 వరకు ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాల్సి వచ్చింది.

8. మన పోపు గింజలు కెనడా అలర్జీ జాబితాలో ఉన్నాయి

ఆవాలను ఎగుమతి చేసే దేశాల్లో కెనడాది ముందు వరస. సస్కచెవాన్ రాష్ట్రంలో పెద్దఎత్తున పండిస్తారు. అదే దేశం ఆవాలను ప్రధాన అలర్జీ కారకాల్లో ఒకటిగా గుర్తించింది. నువ్వులూ ఆ జాబితాలో ఉన్నాయి. 2012 ఆగస్టు 4 నుంచి ప్యాకెట్ల మీద ఇవి ఉంటే స్పష్టంగా రాయాలన్న కట్టుదిట్టమైన నియమం అమల్లోకి వచ్చింది. అమెరికా జాబితాలోని తొమ్మిదింటిలో ఆవాలు లేవు. అమెరికాలో అమ్మడానికి తయారైన ప్యాకెట్ మీద ఆ హెచ్చరిక లేదంటే లోపల ఆవాలు లేవని కాదు. ఆవ పడనివాళ్లు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

గోధుమ పడనివాళ్లకు ఇంకో చిక్కు ఉంది. అసలైన ఇంగువ గట్టి బంక. దుకాణంలో పొడిగా దొరికేదాంట్లో చాలాసార్లు గోధుమపిండి కలుస్తుంది. పులిహోరలో గోధుమ ఎక్కడిదని అడిగితే సమాధానం ఆ చిటికెడు ఇంగువలో ఉంది. సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకు ఆ చిటికెడూ బాధ పెట్టగలదు. కెనడాలో ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయాలంటే గ్లూటెన్ పది లక్షల భాగాల్లో 20కి మించకూడదు. బియ్యప్పిండి కలిపిన ఇంగువ వెతికి కొనుక్కోవాలి. గోధుమ రవ్వ ఉప్మా, సేమియా, చపాతీల బదులు అటుకులు, మరమరాలు, జొన్నరొట్టె కట్టుకోవచ్చు.

9. పక్క సీటువాళ్ల అలర్జీ మన పులిహోరను ఆపగలదు

ఒంటారియోలో పిల్లల్ని బడికి పంపే ఇళ్లకు పల్లీల నిషేధం కొత్త కాదు. ‘సబ్రినా చట్టం’ 2006 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 2003లో తీవ్రమైన అలర్జీతో చనిపోయిన బాలిక పేరు మీద వచ్చిన ఈ చట్టం ప్రకారం ప్రతి స్కూల్ బోర్డుకూ తీవ్ర అలర్జీలను ఎదుర్కొనే ప్రణాళిక ఉండాలి. మార్కమ్ పిల్లల లంచ్ డబ్బాల్లోకి పల్లీచట్నీ రాకపోవడానికి మూలం ఇలాంటి జాగ్రత్తలే.

విమానాలకూ ఇలాంటిది ఉంది. పల్లీ, గింజల అలర్జీ ఉన్న ప్రయాణికుల చుట్టూ రక్షణ వలయం ఏర్పాటు చేయాలని కెనడా రవాణా ఏజెన్సీ 2010లో ఎయిర్ కెనడా కేసులో తేల్చింది. 2020 జూన్ 25న అమల్లోకి వచ్చిన నిబంధనలు దాన్ని పెద్ద విమానయాన సంస్థలన్నిటికీ వర్తింపజేశాయి. తీవ్ర అలర్జీ ఉన్నవాళ్లు ముందుగా చెబితే, వాళ్ల సీట్ల వరుసలో కూర్చున్నవాళ్లకు సిబ్బంది ఆ పదార్థం తీయొద్దని చెబుతారు.

కాబట్టి ప్రయాణం పులిహోరలో పల్లీల బదులు శనగపప్పు, మినప్పప్పు పోపు వేయడం మంచిది. జీడిపప్పుతో సరిపెట్టుకుందామంటే అదీ అలర్జీ జాబితాలోదే. అలర్జీ మన పిల్లాడికే ఉంటే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ సీటు దగ్గరే ఉండాలి, తలపైన అరలో కాదు.

10. ఇన్సులిన్ పుట్టిల్లు మార్కమ్‌కు కూతవేటు దూరంలో ఉంది

1922 జనవరి 11న టొరంటో జనరల్ హాస్పిటల్‌లో లెనర్డ్ థామ్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించారు. బాంటింగ్, బెస్ట్, కాలిప్, మెక్‌లియోడ్‌ల కృషి అది. పేటెంటును బాంటింగ్, బెస్ట్, కాలిప్ టొరంటో విశ్వవిద్యాలయానికి ఒక్కో డాలరు నామమాత్రపు ధరకు రాసిచ్చారు. బాంటింగ్ పుట్టినరోజు నవంబరు 14నే ప్రపంచ మధుమేహ దినంగా జరుపుతారు.

ఆ మందు విమానం ఎక్కేటప్పుడు చెక్-ఇన్ సూట్‌కేసులో ఉండకూడదు. సరుకు అరలో గడ్డకడితే అది పనికిరాదు. డాక్టర్ చీటీతో చేతిసంచీలోనే పెట్టుకోవాలి. ఇక వేళల చిక్కు. మార్కమ్‌కూ హైదరాబాద్‌కూ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. తూర్పుకు వెళ్తే రోజు కురచవుతుంది, తిరుగు ప్రయాణంలో సాగుతుంది. ఎప్పుడు ఎంత మందు వేసుకోవాలన్నది టికెట్ చూపించి డాక్టర్‌నే అడగాలి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. భోజనం వస్తోందని ముందే సూది వేసుకుని కూర్చోకూడదు. కుదుపులొస్తే ట్రాలీలు మధ్యలోనే ఆగిపోతాయి. మందు ఒంట్లోకి వెళ్లి తిండి వెళ్లకపోతే షుగర్ పడిపోతుంది. పళ్లెం చేతికొచ్చాకే సూది. జేబులో గ్లూకోజు బిళ్లలు తప్పనిసరి.

11. పొట్ట ఉబ్బరానికి వైద్యులు పెట్టిన పేరు ఉంది

క్యాబిన్‌లో గాలి పీడనం 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండమీద ఉన్నట్టు ఉంటుంది. ఆ పై హద్దులో పేగుల్లోని గాలి మూడో వంతు దాకా వ్యాకోచిస్తుంది. కొలరాడో కొండలెక్కుతూ ఈ బాధ పడ్డ ఇద్దరు అమెరికన్ వైద్యులు 1981లో ఒక వైద్య పత్రికకు సరదాగా రాసి, దానికి ‘హేఫ్’ అని పొట్టిపేరు పెట్టారు. అలసందల గారెలు, ముల్లంగి, క్యాబేజీ ప్రయాణానికి ముందు రోజే మానేయాలి. పచ్చడి సీసా మూత దగ్గర నూనె కారడానికీ కారణం ఇదే. సీసా నిండా నింపకుండా కాస్త ఖాళీ వదిలి, రెండు కవర్లు తొడగాలి.

12. విమానంలో నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి

క్యాబిన్‌లోని తక్కువ పీడనంలో నీళ్లు వంద డిగ్రీల దాకా వేడెక్కవు. టీ సరిగ్గా దిగకపోవడానికి అదొక కారణం. ఇంటి నుంచి తెచ్చిన డబ్బాను వేడి చేసివ్వడానికి సిబ్బంది చాలాసార్లు ఒప్పుకోరు కానీ, కప్పుడు వేడినీళ్లు అడిగితే ఇస్తారు. అటుకులకు ఆ నీళ్లు చాలు. వడ్లను నానబెట్టి, వేయించి, దంచేటప్పుడే అవి సగం ఉడికిపోతాయి. ఇంట్లోనే పోపు వేయించి కలిపిన అటుకుల మీద వేడినీళ్లు చల్లి మూత పెడితే కొద్ది నిమిషాల్లో తయారు.

13. ఉపవాసానికి గడియారం కిటికీలో ఉంది

రంజాన్ రోజుల్లో హైదరాబాద్ వెళ్లే ముస్లింలకు ప్రయాణంలో ఉపవాసం వాయిదా వేసుకునే వెసులుబాటు ఉంది. ఉండాలనుకునేవాళ్లకు లెక్క విమానం ఉన్న చోట కనిపించే సూర్యుడిది. ఎత్తు పెరిగేకొద్దీ సూర్యాస్తమయం ఆలస్యమవుతుంది. అందుకే దుబాయ్ మతపెద్దలు 2011లో బుర్జ్ ఖలీఫా 80వ అంతస్తు దాటి ఉండేవాళ్లను రెండు నిమిషాలు, 150 దాటినవాళ్లను మూడు నిమిషాలు ఆగి ఇఫ్తార్ చేయమన్నారు. ఏకాదశిదీ ఇలాంటి పేచీయే. తిథిని స్థానిక సూర్యోదయంతో చూస్తారు కనుక మార్కమ్ ఏకాదశి, హైదరాబాద్ ఏకాదశి ఒక్కోసారి వేర్వేరు తేదీల్లో పడతాయి.

14. రెండు గంటలు ఆలస్యమైతే తిండి అడిగే హక్కు మీది

2019లో వచ్చిన కెనడా ప్రయాణికుల రక్షణ నిబంధనల ప్రకారం, సంస్థ చేతిలో ఉన్న కారణంతో విమానం ఆలస్యమై రెండు గంటలు గడిస్తే ప్రయాణికులకు తిండి, నీళ్లు ఇవ్వాలి. ఎక్కించాక రన్‌వే దగ్గర ఆపేసినా కారణంతో పనిలేకుండా తిండి, నీళ్లు ఇవ్వాల్సిందే. ‘తగినంత’ ఇవ్వమంటుంది చట్టం. అది మీ పథ్యానికి తగినదై ఉండాలని హామీ ఇవ్వదు. కూపన్ తీసుకోండి, డబ్బా మాత్రం మీదే తెరవండి.

15. మిగిలిన మూటను దాచకూడదు, చెప్పాలి

తిరుగు ప్రయాణంలో పియర్సన్‌లో దిగాక వెంట ఉన్న తిండి ఏదైనా సరిహద్దు అధికారులకు తెలియజేయాలి. సగం తిన్న పండు, అమ్మ కట్టిచ్చిన లడ్డూలు, కరివేపాకు రెమ్మ, అన్నీ. చెప్పినంత మాత్రాన అన్నీ తీసేసుకోరు. రానిచ్చేవి రానిస్తారు, కూడనివి పారేస్తారు. చెప్పకుండా దొరికితే మాత్రం 1,300 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. ఇండియాలో మూట కట్టేటప్పుడే ఒక కాగితం మీద ఏమేం ఉన్నాయో రాసి పాస్‌పోర్టులో పెట్టి పంపితే, ఇంగ్లిష్ తడబడే పెద్దవాళ్లు కూడా ఆ చీటీ చూపించి నిబ్బరంగా బయటికి రావచ్చు. పథ్యం, అలర్జీ, మందుల వేళలు కూడా ఆ చీటీ వెనకే రాసిస్తే ఎక్కేటప్పుడు విమాన సిబ్బందికి చూపించడానికీ పనికొస్తుంది.